రెండు, రెండు

కాకినాడ డాక్టరు ముందుగా ఒక బొమ్మ గీశాడు.
మగవాళ్ళు చతురస్రాలు, ఆడవాళ్ళు సున్నాలు.
గుండెతో పోయినవాళ్ళని నల్లగా నింపమని
పెన్ను నా చేతికిచ్చాడు.

తాతని నింపాను.
చిన్నతాతని నింపాను,
చేపల చెరువు గట్టు మీద, మేత బస్తా భుజాన ఉండగానే పోయాడు.
నాన్న దగ్గర పెన్ను ఆగింది.
లొల్ల లాకుల్లో లస్కరు, కుంచే బుల్లబ్బాయి,
నలభై ఆరేళ్ళు,
తలుపు ఎత్తే చక్రం సగం తిప్పి
మిగతా సగం తిప్పకుండా కూర్చుండిపోయిన మనిషి.
ఆ పూట కింది కాలవకి నీళ్ళు ఆలస్యంగా వెళ్ళాయి.
రైతులెవరూ ఏమీ అనలేదు.
ఆయనకి షుగరు లేదు.

షుగరు నాది.
మా ఇంట్లో ఎవరికీ లేనిది, తొమ్మిదో ఏట
ఎక్కాల పుస్తకం మీద తల వాల్చి నేను తెచ్చుకున్నది.
ఆత్రేయపురంలో అమ్మ
బోర్లించిన కుండ మీద రేకులు తీస్తుంటే
పంచదార పొడి చల్లడం అప్పటిదాకా నా పని.
ఆసుపత్రి నుంచి వచ్చాక
ఆ పళ్ళెం తమ్ముడి ముందుకి జరిగింది.
నాకు నెయ్యి రాసే పని ఇచ్చారు.
ఇరవై ఆరేళ్ళయింది.
నెయ్యి వాసన ఇప్పటికీ శిక్షలాగే ఉంటుంది.

రోజుకి నాలుగు సూదులు.
ముప్పై వేల దగ్గర లెక్క మానేశాను.
కొబ్బరి దింపేవాడి పాదం నొక్కు వెతుక్కున్నట్టు
నా వేళ్ళు పొట్ట మీద మెత్తని చోటు వెతుక్కుంటాయి.
చూడక్కర్లేదు.

ఈసారి నెత్తురు హైదరాబాదు వెళ్ళింది,
ఐసు పెట్టెలో, రాత్రి బస్సులో, నా కంటే దూరం.
పన్నెండో రోజు కాగితం వచ్చింది.
హాప్టోగ్లోబిన్ అట.
చితికిన ఎర్రకణాల్లోంచి కారినదాన్ని
ఊడ్చి ఎత్తిపోయడం దాని పని.
నాది రెండు-రెండు రకం.
చీపురుంది గానీ పుల్లలు పలచన, అన్నాడు డాక్టరు.
"మన వైపు చాలామందికి ఇదేనమ్మా. వాళ్ళకి పెద్దగా ఏమీ కాదు.
దీనికి షుగరు తోడైతేనే..."
తర్వాత చెప్పినవి అంకెలు. అంకెలు నాకు అలవాటే.
చెవిలో మాత్రం కాలవ చివరి పొలాలవాళ్ళ మాట తిరిగింది:
మన్ను మంచిదే,
ఉప్పునీరు ఎగదన్నిన ఏడు చూడాలి దాని సంగతి.

ఇన్నాళ్ళూ నాన్నదే అనుకున్నాను.
సగం తిరిగిన ఆ చక్రం నా ఎడమ పక్క ఉందని,
మెట్లెక్కిన ప్రతిసారీ ఆయనే దాని మీద చెయ్యి వేస్తున్నాడని.
చెప్పకేం, భయంతో పాటు కొంచెం తోడుగా కూడా ఉండేది.
కాగితం అలా అనడం లేదు.
ఒక రెండు నాన్నది.
ఒక రెండు అమ్మది.

అమ్మ బల్ల అంచున కూర్చుని వింది.
అరవై మూడేళ్ళ మనిషి,
తెల్లారకముందే రెండువందల రేకులు తీసి
మూడు బస్సులు మారి వచ్చింది.
"నా గుండె రాయండి, ఆయ్," అంది మొదట.
"మా పుట్టింటి వైపు ఎవరూ అలా పోలేదండి."
డాక్టరు మళ్ళీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా.
అమ్మ కాగితం అందుకుంది.
చదవడం రాదు.
వెలుతురుకి ఎత్తి చూసింది,
ఎక్కడైనా చిరుగుందేమోనని రేకుని చూసినట్టు.
చాలాసేపటికి,
"నేనిచ్చింది వెనక్కి తీసుకోవడం కుదరదాండీ?" అంది.

డాక్టరు మందులచీటీ రాస్తున్నాడు.
రాస్తూనే ఉన్నాడు.

బస్సులో ఇద్దరం మాట్లాడలేదు.
రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డం.
కాలవలు కట్టేసిన రోజులు,
లాకుల కింద పూడిక తీస్తున్నారు.
బురదలో ఎవరికో ఇత్తడి గ్లాసు దొరికింది.
ఎవరిదిరా, ఎవరిదిరా అని ఎత్తి చూపిస్తున్నాడు.
ఎవరూ మాదనలేదు.

రాత్రి కొత్త మాత్ర వేసుకున్నాను, తెల్లది, చిన్నది.
వేలు గుచ్చుకున్నాను.
పక్క మంచం మీంచి అమ్మ "ఎంత?" అంది,
ఇరవై ఆరేళ్ళుగా అడుగుతున్నట్టే.
నూట అరవై రెండు.
కాసేపు ఫ్యాను చప్పుడు.
"నాది కూడా చూడవే,"
అంటూ చీకట్లోంచి వేలు చాపింది.